అన్న ఆటోమేటిక్ గురించి ఎందుకు అడిగాడు

మొన్న శనివారం మా తమ్ముడు ఒక మాటన్నాడు. అది నా బుర్రలోంచి పోవట్లేదు, అందుకే ఇది రాస్తున్నా. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, మా కార్ల బ్యాచ్‌లో అందరికన్నా చిన్నవాడు, ఈ మధ్యే చేరాడు. మేం ఐదుగురం, శనివారం సాయంత్రమైతే బాబాయ్ గ్యారేజీలో కలుస్తాం. అక్కడ ఒక హీటరు, నాలుగు మడత కుర్చీలు, దుప్పటి కప్పిన ఒక పాత సెడాన్ ఉంటాయి. ఐదో మనిషికి కుర్చీ ఉండదు కాబట్టి చలికాలం వచ్చిందని విప్పి పేర్చిన సమ్మర్ టైర్ల మీద కూర్చోవాలి. ఆ రోజు టైర్ల మీద కూర్చున్నది తమ్ముడే. బాబాయ్ పిన్ని మోకాళ్ళ గురించి చెప్పారు, బావ వాళ్ళ పాప స్కూలు సంగతి ఎత్తాడు, అంతకుముందు ఓ ఇరవై నిమిషాలు మంచు గురించే నడిచింది. వాడు వినీ వినీ, "అన్నా తప్పుగా అనుకోవద్దు, మనం వచ్చేది కార్ల గురించి మాట్లాడుకోడానికి కదా, ఇంటి సంగతులూ వాతావరణమూ ఎక్కడైనా మాట్లాడుకోవచ్చు, ఉన్న రెండు గంటలూ బండ్ల మీదే పెడదాం" అన్నాడు.

కోపంగా అన్లేదు, మర్యాదగానే అన్నాడు. బాబాయ్ కూడా "సరే నాన్నా, నువ్వన్నదీ నిజమే" అని ఊరుకున్నారు. ఆ తర్వాత గంటన్నర నిజంగానే బండ్ల గురించి తప్ప ఇంకో మాట రాలేదు. ఆ గంటన్నరలో ఏం జరిగిందో చివర్లో చెప్తా.

వాడి మాట నేను ఒప్పుకోను. నాకు తెలిసి కలల కారు, ఇంటి కబుర్లు, చలి అనేవి మూడు వేరే వేరే టాపిక్‌లు కావు. ఇంట్లో మనిషినీ బయట చలినీ పక్కకి నెట్టేసి కారు గురించి మాట్లాడితే ఇక మిగిలేది బ్రోషర్‌లో ఉండే అంకెలే, వాటికోసం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ముందు చలి సంగతే తీసుకోండి. "ఈసారి చలి తొందరగా వచ్చేసింది" అని మామూలుగా ఎవరైనా అంటే అది పలకరింపు. అదే బాబాయ్ "రాత్రి మైనస్ 12కి పడింది" అంటే అక్కడున్న ఐదు బుర్రల్లో ఐదు లెక్కలు మొదలవుతాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో కరెంటు పుట్టేది రసాయన చర్య వల్ల, చలికి ఆ చర్య మందగిస్తుంది, మైనస్ 18 దగ్గరికి వచ్చేసరికి దాని సత్తా దాదాపు సగానికి పడిపోతుంది. సరిగ్గా అదే టైముకి ఇంజన్ ఆయిల్ చిక్కబడి ఉంటుంది కాబట్టి స్టార్టర్ మోటార్‌కి మామూలు కన్నా ఎక్కువ బలం కావాలి. ఇచ్చేవాడి దగ్గర సగమే ఉంది, అడిగేవాడికి రెట్టింపు కావాలి, చలికాలం పొద్దున్నే బండి మొరాయించడం వెనక ఉన్న కథంతా ఇంతే. బ్యాటరీ మీద సీసీఏ అని ఒక నంబరు ఉంటుంది, చాలామంది చూడరు. మైనస్ 18లో 30 సెకన్ల పాటు వోల్టేజ్ 7.2 కన్నా కిందకి జారకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే లెక్క అది. ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుందే, అందులో డబ్ల్యూ అంటే వింటర్. బయట వేడి సుమారు ఐదారు డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ టైర్లలో గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ పడిపోతుంది, 7 డిగ్రీల కిందకి వెళ్ళేసరికి సమ్మర్ టైరు రబ్బరు గట్టిపడి పట్టు తప్పడం మొదలవుతుంది. వీటన్నిటిలో వాతావరణం ఏది, కారు ఏది? నాకైతే గీత ఎక్కడ గియ్యాలో తెలియట్లేదు.

కిందటేడు జనవరిలో ఒక రోజు, ఇంకా తెల్లారలేదు, బావ ఫోన్ చేశాడు. బావంటే మా చెల్లి భర్త, ఈ కార్ల పిచ్చి వాడికి నా నించే అంటుకుంది. "బావా, సెల్ఫ్ కొడుతుంటే టిక్కుటిక్కుమంటోంది, అంతే, తిరగట్లేదు" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి బానెట్ దగ్గర పట్టుకోమన్నా, ఎవరినైనా తాళం తిప్పమని చెప్పబోతుంటే మా చెల్లే వచ్చి తిప్పింది. టకటకటకమని మిషను కుట్టినట్టు వచ్చింది చప్పుడు. అలా వరసగా వచ్చిందంటే సోలెనాయిడ్, అంటే స్టార్టర్ మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్చు, అంటుకోడానికి సరిపడా కరెంటు ఉంది కానీ మోటార్ లాగగానే వోల్టేజ్ కూలిపోయి వదిలేస్తోంది, మళ్ళీ అంటుకుంటోంది, మళ్ళీ వదిలేస్తోంది అని అర్థం, అంటే ఎక్కువ శాతం బ్యాటరీ పనే. ఒకే ఒక్క గట్టి టక్కుమన్న చప్పుడు వచ్చి ఆగిపోతే అప్పుడు స్టార్టర్ మోటార్‌నీ అనుమానించాలి. పక్కింటాయన బండి తెచ్చి ఎదురుగా పెట్టాడు. బ్యాటరీ డబ్బా ఉబ్బిందేమో ముందు చూడమన్నా, ఎందుకంటే చార్జి దిగిపోయిన బ్యాటరీ మైనస్ పదికి అటూ ఇటూలోనే లోపల గడ్డకట్టేస్తుంది, గడ్డకట్టిన దానికి కేబుల్ పెట్టకూడదు, పేలుతుంది. ఉబ్బలేదన్నాడు. ఎర్రది ముందు నీ ప్లస్‌కి, తర్వాత వాళ్ళ ప్లస్‌కి, నల్లది వాళ్ళ మైనస్‌కి, ఆ నల్లదాని రెండో కొస మాత్రం నీ బ్యాటరీకి పెట్టకు, ఇంజన్ మీద రంగు లేని ఇనుము ఎక్కడుందో చూసి అక్కడ పట్టించు, ఆఖరి కొస దగ్గరే నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు, అందుకని దూరంగా. ఇవన్నీ ఒక్కొక్కటే చెప్తున్నా, అవతల బావ ఊపిరి వినపడుతోంది, చేతులు వణుకుతున్నాయన్నాడు. చలికనుకున్నా. "పాపకి రాత్రినించీ జ్వరం బావా, 104 ఉంది, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి" అన్నాడు అప్పుడు.

ఆ ఫోన్ కాల్ ఏ టాపిక్ కిందకి వస్తుంది?

ఇంకోటి కూడా ఉంది. అంతకు రెండు వారాల ముందే, చలి గురించి కబుర్లాడుకుంటున్నప్పుడు, బావ మాటల మధ్యలో "ఈ మధ్య పొద్దున పూట మా బండి కూడా బద్ధకంగా లేస్తోంది" అని నవ్వుతూ అన్నాడు. అందరం నవ్వాం. అది బ్యాటరీ ఇస్తున్న నోటీసు, నాలుగేళ్ళు దాటిన బ్యాటరీ అని నాకు తెలుసు కూడా. వాతావరణం కబుర్లు మేం ఎక్కువ చెప్పుకున్నామని కాదు నా బాధ, సరిగ్గా వినలేదని.

ఇప్పుడు కలల కార్ల సంగతికి వద్దాం, తమ్ముడికి కావాల్సింది అదే కదా.

మాలో ఎవరి కలల కారూ మొదట్లో ఉన్నది ఉన్నట్టుగా ఇప్పుడు లేదు. బావది పోర్షే 911. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో 901 అని పేరు పెట్టి చూపించారు, మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని ఫ్రాన్స్ కార్ల కంపెనీ ప్యూజో అడ్డం పడితే 911 అయింది, ఇది మాకు వాడు కనీసం వంద సార్లు చెప్పుంటాడు. వాడికి కావాల్సింది గాలితో చల్లబడే పాత ఇంజన్ ఉన్నదే, 1998తో ఆగిపోయిన రకం. పెళ్ళికి ముందు ఆ ఇంజన్ చప్పుడు గురించి తప్ప ఇంకేం మాట్లాడేవాడు కాదు. పాప పుట్టాక ఒకరోజు 911 వెనక సీటు గురించి మొదలెట్టాడు. ఆ వెనక రెండు సీట్లు పెద్దవాళ్ళకి పనికిరావు, గిన్నెల్లా చిన్నగా ఉంటాయి, కానీ పిల్లలకి సరిపోతాయి, ఎంత వయసు దాకా సరిపోతాయి, పాప కాళ్ళు ముందు సీటుకి తగలకుండా ఎన్నేళ్ళు, ఇదీ లెక్క. మొన్న పాప పొడుగు కొలిచానని తలుపు పక్కన గోడ మీద గీసిన గీత ఫోటో చూపించాడు. అది 911 గురించి మాట్లాడుతూ చూపించిన ఫోటో! హీటర్ గురించి కూడా ఇలాగే. ఆ పాత ఇంజన్లలో వేడి నీళ్ళు ఉండవు కదా, ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ తిరిగిన గాలినే లోపలికి పంపి వెచ్చబెడతారు, అందులో ఎక్కడైనా తుప్పుపట్టి చిల్లు పడితే పొగ కూడా లోపలికి వచ్చే ప్రమాదం ఉంది. ఒకప్పుడు ఈ విషయం వాడికి ఒక ముచ్చట, ఇప్పుడు వెనక సీట్లో పాప ఉంటుంది కాబట్టి భయం. కారు అదే, మనిషి తండ్రయ్యాడు.

బాబాయ్‌ది జాగ్వార్ ఈ-టైప్. 1961లో జెనీవాలో చూపించిన బండి, ఆ పొడుగాటి ముక్కు బొమ్మ గ్యారేజీ గోడ మీద ఎప్పటినించో ఉంది, ఒక మూల రంగు వెలిసిపోయింది. ఆయన రిటైరయ్యాక ఎక్కడో ఒకటి అమ్మకానికి ఉందంటే చూడ్డానికి వెళ్ళారు, పిన్నిని కూడా తీసుకెళ్ళారు. పిన్ని కూర్చోగలిగింది కానీ లేవలేకపోయింది. నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది ఆ సీటు, పక్కన తలుపు గడప వెడల్పుగా ఉంటుంది, ఆవిడ మోకాళ్ళు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. బాబాయ్ ఒక చెయ్యి, అమ్మేవాళ్ళబ్బాయి ఒక చెయ్యి పట్టుకుని లేపారట. పిన్ని నవ్వేసి "మీరు కొనుక్కోండి, నేను గేటు దగ్గర నిలబడి చూస్తా" అందట. ఆయన ఇంటికొచ్చి, ఆవిడ ఏ కుర్చీలోంచి ఎవరి సాయం లేకుండా లేవగలదో ఆ కుర్చీ ఎత్తు టేపు పెట్టి కొలిచారు. 48 సెంటీమీటర్లు. అప్పటినించీ ఆయన జేబులో స్టీలు టేపు ఉంటుంది, ఏ బండి కనపడినా తలుపు తీసి నేలనించి సీటుకి కొలుస్తారు. కొత్తగా ఏ మోడల్ వచ్చినా హార్స్ పవర్ ఎంతని మేం అడుగుతాం, ఆయన సీటు ఎత్తెంత అని అడుగుతారు. గోడ మీద బొమ్మ మాత్రం తియ్యలేదు. తియ్యక్కర్లేదు కూడా.

నాకు చిన్నప్పటినించీ మెర్సిడెస్ 300ఎస్ఎల్ అంటే పిచ్చి, 1954 నాటిది, పక్షి రెక్కల్లా తలుపులు పైకి లేస్తాయి. అది అందం కోసం చేశారనుకునేవాణ్ణి చాలాకాలం. కాదు, దాని చట్రం సన్న గొట్టాలతో అల్లింది, బలం కోసం ఆ అల్లిక పక్కల్లో బాగా ఎత్తుగా రావాల్సి వచ్చింది, మామూలు తలుపు పెట్టడానికి చోటు లేదు, అందుకే తలుపు పైకప్పులోకి వెళ్ళింది. ఎక్కడానికి వీలుగా స్టీరింగ్ కూడా కిందకి వంగుతుంది. పిన్ని కథ విన్నాక నాకు ఆ బండి బొమ్మ చూస్తే ముందు ఆ ఎత్తైన గడపే కనపడుతోంది, మా అమ్మ దాన్ని ఎలా దాటుతుంది అనిపిస్తుంది.

ఇక తమ్ముడిది మెక్‌లారెన్ ఎఫ్1. 1992లో వచ్చింది, రేసు బండ్లతో కలిపి 106 మాత్రమే చేశారు, 1998లో గంటకి 386 కిలోమీటర్ల వేగం కొట్టింది, ఇంజన్ గదిలో వేడికి అడ్డంగా బంగారు రేకు అతికించారు. ఇవన్నీ వాడు మొదటి రోజే గడగడా చెప్పాడు. ఇంకా ఎన్నో వేగంగా వెళ్ళేవి వచ్చాయి కదరా, అదే ఎందుకని అడిగా. డ్రైవర్ సీటు మధ్యలో ఉంటుందన్నా అన్నాడు, రెండు పక్కలా కాస్త వెనక్కి చెరో సీటు. కాసేపాగి, "మధ్యలో నేను, ఇటు అమ్మ, అటు నాన్న" అన్నాడు.

ఇంటి సంగతులు వద్దన్నవాడు కూడా వీడే. వాణ్ణి తప్పుబట్టడానికి చెప్పట్లేదు ఇది. ఆ మాట వాడు అన్న తీరు నాకు గుర్తుండిపోయింది, ఎఫ్1 గురించి నాకు తెలిసిన విషయాలన్నిట్లో నాకు బాగా నచ్చింది అదే.

అయినా కార్లని తయారుచేసినవాళ్ళ దగ్గరైనా ఇవి విడివిడిగా ఉన్నాయా అంటే అదీ లేదు. అన్నిటికన్నా మొదటి దూరప్రయాణం ఏది? 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నించి ఫోర్జ్‌హైమ్‌కి, వంద కిలోమీటర్ల పైన, పుట్టింటికి వెళ్ళింది. ఎత్తు ఎక్కలేకపోతే పిల్లలు దిగి తోశారు, తిరిగొచ్చాక ఇంకో చిన్న గేరు కావాలని ఆవిడే చెప్పింది. అమ్మని చూడ్డానికి వెళ్ళిన ప్రయాణంలోంచి వచ్చింది ఆ గేరు.

నాకు ఇంకా ఇష్టమైన కథ ఆడీ క్వాట్రోది, ఇందులో చలి కూడా ఉంది. 1977 చలికాలం, ఆడీ వాళ్ళు ఫిన్లాండ్ మంచులో టెస్టులు చేస్తున్నారు. వాళ్ళ దగ్గర బాగా పవర్ ఉన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లున్నాయి, అంటే ఇంజన్ ముందు చక్రాలనే తిప్పుతుంది, వాటితోపాటు ఇల్టిస్ అని మిలిటరీ కోసం చేసిన డబ్బాలాంటి జీపు ఒకటుంది, 75 హార్స్ పవర్. మంచులో ఆ డబ్బా మిగతావాటన్నిటినీ వెనక్కి నెట్టేస్తోంది, ఎందుకంటే దానికి నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పుతుంది. యోర్గ్ బెన్సింగర్ అనే ఇంజనీరు అది చూసి, ఇదే పద్ధతి మంచి పవర్ ఉన్న మామూలు కారుకి పెడితే ఎలా ఉంటుందని ఆడీలో ఇంజనీరింగ్ పెద్ద ఫెర్డినాండ్ పియెక్ దగ్గర కదిపాడు. 1978 జనవరిలో ఆస్ట్రియాలో టుర్రాహర్ హోహె అనే కొండ దారిలో, 23 శాతం వాలు, మంచు కప్పేసి ఉంది, టెస్టు బండి గొలుసుల్లేకుండా సమ్మర్ టైర్లతోనే ఎక్కేసింది. పైవాళ్ళు ఒప్పేసుకున్నారు.

అయితే ఆ బండిలో ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానికొకటి గట్టిగా బిగించేసి ఉన్నాయి. ఆడీకి యజమాని అయిన ఫోక్స్‌వాగన్‌లో డెవలప్‌మెంట్ చూసే ఎర్న్‌స్ట్ ఫియాలా ఆ బండిని వియన్నా తీసుకెళ్ళాడు, అక్కడ వాళ్ళావిడ దాన్ని ఊళ్ళో తిప్పి, ఇరుకు మలుపుల్లో ఇది గెంతుతోందేమిటని చెప్పింది. కరెక్టే చెప్పింది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం నడవాలి, రెండిటినీ కలిపి కట్టేస్తే ఆ తేడా పోయే దారి లేక చక్రం జర్రున జారి గెంతుతుంది. మంచు మీద ఎలాగూ జారుతుంది కాబట్టి టెస్టు డ్రైవర్లకి అది పెద్ద సమస్య అనిపించలేదు. పొడి రోడ్డు మీద, ఊళ్ళో బండి తిప్పిన ఆవిడకి వెంటనే తెలిసిపోయింది. అందుకోసమే ముందు ఇరుసూ వెనక ఇరుసూ వేరే వేరే వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో పెట్టారు, దానికి చోటు లేకపోతే గేర్ బాక్సులో ఉన్న షాఫ్టునే బోలుగా చేసి అందులోంచి ఇంకో షాఫ్టు దూర్చారు, ఆ బోలు షాఫ్టు పొడవు 26 సెంటీమీటర్ల చిల్లర. 1980 జెనీవా షోలో క్వాట్రో బయటికొచ్చింది. మరుసటేడే మిషెల్ ముటోన్ దాంతో సాన్‌రెమో ర్యాలీ గెలిచింది, ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఒక పోటీ గెలిచిన మొదటి ఆడమనిషి ఆవిడే. ఎంతోమంది గోడల మీద బొమ్మగా వేలాడిన కారు అది, చలికాలం ఒకటీ ఒక ఇల్లాలు ఇంట్లో చెప్పిన మాట ఒకటీ లేకపోతే అలా ఉండేదే కాదు. (ఒక మాట, నాలుగు చక్రాలు తిరిగితే బండి బయల్దేరడం సులువవుతుంది, ఆగడం కాదు. ఆపేది టైర్లే. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందన్న ధైర్యంతో సమ్మర్ టైర్ల మీద మంచులోకి వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.)

ఇప్పుడు ఆ గంటన్నర సంగతి.

మా ఐదుగురిలో మేం అన్న అని పిలిచే ఆయన రెండు నెలలుగా రావట్లేదు, అడిగితే పనుందనేవాడు. మొన్న శనివారం మేం వెళ్ళేసరికి అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు, వాళ్ళబ్బాయి దింపి వెళ్ళాడట. పెద్దగా మాట్లాడలేదు. తమ్ముడు అలా అన్నాక, బాబాయ్ సరే అన్నాక, ఒక నిమిషం ఎవరూ ఏం మాట్లాడలేదు. అప్పుడు అన్న అన్నాడు, "అవునూ, ఆటోమేటిక్‌లో ఇప్పుడు ఏది బాగుంటుందంటారు? టార్క్ కన్వర్టరా, డ్యుయల్ క్లచ్చా?"

అన్న ఎవరో మీకు తెలియదు కాబట్టి ఈ ప్రశ్న ఎంత పెద్దదో మీకు తెలియదు. ముప్ఫయ్యేళ్ళుగా గేరు కర్ర లేని బండి ముట్టనన్న మనిషి. గేరు దించేటప్పుడు క్లచ్ వదులుతూ ఆక్సిలేటర్‌ని చిన్నగా తట్టి ఇంజన్ స్పీడుని సరిచేసే పద్ధతి నాకు నేర్పింది ఆయనే, ఖాళీ పార్కింగ్‌లో ఒక పూటంతా పక్కన కూర్చుని "ఎడమ కాలుతో విను" అనేవాడు. అలాంటాయన ఆటోమేటిక్ అన్నాడు. మేం ఎగిరి గంతేశాం. నేను టార్క్ కన్వర్టర్ వైపు, ఇంజన్‌కీ గేర్ బాక్సుకీ మధ్య నూనె ఉంటుంది కాబట్టి నెమ్మదిగా పాకేటప్పుడు, మంచులో బయల్దేరేటప్పుడు కుదుపు లేకుండా ఉంటుందని నా వాదన. తమ్ముడు డ్యుయల్ క్లచ్ వైపు, బేసి గేర్లకి ఒక క్లచ్, సరి గేర్లకి ఒక క్లచ్, ఒకటి పనిచేస్తుంటే రెండోది ముందే సిద్ధంగా ఉంటుంది, 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32లో వచ్చినప్పటినించీ చూడన్నా అని మొదలుపెట్టాడు. బావ మధ్యలో సీవీటీ అనే ఇంకో రకం ఆటోమేటిక్ సంగతి ఎత్తాడు. నలభై నిమిషాలు, నిజంగా మంచి చర్చ, అందరం బాగా మాట్లాడాం, నేను కూడా బాగా మాట్లాడాననే అనుకున్నా ఇంటికెళ్ళేటప్పుడు. అన్న వింటూ కూర్చున్నాడు, ఒకటి రెండుసార్లు తలూపాడు. మేం బయల్దేరేటప్పుడు కూడా కుర్చీలోంచి లేవలేదు, "మీరు వెళ్ళండి, వాడొస్తాడు" అన్నాడు.

ఎందుకని ఒక్కళ్ళం అడగలేదు. ముప్ఫయ్యేళ్ళు గేర్లు మార్చిన మనిషి ఎందుకు మానేద్దామనుకుంటున్నాడని ఒక్కళ్ళం కూడా.

మంగళవారం వదిన బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పింది. రెండు నెలల కిందట స్ట్రోక్ వచ్చింది, ఎడమ వైపు. చెయ్యి చాలావరకు వచ్చేసింది, కాలు ఇంకా పూర్తిగా మాట వినట్లేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడట, శనివారం వెళ్ళి తనే చెప్తానన్నాడట. నేను ఫోన్ చేశా. ఏం మాట్లాడాలో తెలియక "చెప్పొచ్చు కదన్నా" అన్నా. "నేను గేర్ల గురించి అడిగా, మీరంతా గేర్ల గురించే చెప్పారు" అన్నాడు. నిష్ఠూరంగా అన్లేదు, మామూలుగానే అన్నాడు.

ఎడమ కాలు, క్లచ్ కాలు. ఆటోమేటిక్‌లో క్లచ్ తొక్కక్కర్లేదు. ఆయన ప్రశ్నలోనే అంతా ఉంది, మాకు విప్పడం రాలేదు.

మా బ్యాచ్‌లో మగాళ్ళమే ఉన్నాం, మాలో చాలామందికి ఎదురుగా కూర్చుని నాకు భయంగా ఉందని చెప్పడం రాదు. చెప్పాలనుకున్నది బండి డిక్కీలో పెట్టి తీసుకొస్తారు, ఎవరైనా తెరిచి చూస్తారేమో అని. బండి అమ్మేస్తున్నానంటారు, వింటర్ టైర్లు ఈసారి వెయ్యట్లేదంటారు, వెనక తలుపు పెద్దగా తెరుచుకునే బండి ఏదైనా ఉందా అంటారు. వీటికి స్పెసిఫికేషన్లతో జవాబు చెప్పొచ్చు, అది తప్పు కాదు, కానీ "ఇంట్లో అంతా బాగున్నారా" అన్న మాట పక్కనే ఉండాలి. ఆ మాటకి చోటు లేదని రూలు పెట్టుకున్న గంటన్నరలోనే ఇది జరిగింది కాబట్టి నేను ఇంత గట్టిగా చెప్తున్నా.

తమ్ముడి వైపు కూడా న్యాయం ఉంది, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం, పిల్లల చదువు, ఇవి మనవే అయినా పూర్తిగా మనవి కావు, వాళ్ళని అడక్కుండా పదిమందిలో పెట్టెయ్యకూడదు. పిన్ని మోకాళ్ళ గురించి ఆవిడ ఒప్పుకున్నాకే ఇక్కడ రాశాను, అన్న సంగతీ అంతే. ఇంకోటి, కొత్తగా వచ్చినవాడికి ఈ ఇళ్ళ చరిత్రలేవీ తెలియవు, ఎవరి పాప ఎవరో, ఏ ఆపరేషన్ ఎప్పుడో తెలియక బయట నిలబడిపోయినట్టుంటుంది. వాడు టైర్ల మీద కూర్చుని అంతసేపు అలా ఉండిపోయాడంటే వాడి ఇంటి సంగతి మేం అడగనందుకు కూడా. ఎఫ్1లో అమ్మా నాన్నా పక్కన కూర్చుంటారని చెప్పిన కుర్రాణ్ణి, వాళ్ళెలా ఉన్నార్రా అని ఇంతవరకూ ఎవరం అడగలేదు.

బుధవారం రాత్రి అడిగా. వాళ్ళ నాన్నగారికి చీకటి పడితే చూపు సరిగ్గా ఆనట్లేదట, బండి ఇప్పుడు వీడే తోలుతున్నాడట. ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ది.

బాబాయ్ అన్నకి ఫోన్ చేసి ఏం మాట్లాడారో నాకు అన్నే చెప్పాడు. ఒంట్లో ఎలా ఉందని అడిగాక, ఈ-టైప్ గురించి ఎత్తారట. 1966లో వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, 9 అంగుళాలు పెంచి వెనక రెండు చిన్న సీట్లు పెట్టిన 2+2 వచ్చింది కదా, దానికి ఆటోమేటిక్ కూడా ఇచ్చారు తెలుసా నీకు అన్నారట. అన్నకి తెలుసు, ముప్ఫయ్యేళ్ళుగా ఆ బండిని ఈ-టైప్ కింద లెక్కేయనని ఆయనతో వాదించిందే అన్న. "ఇప్పుడు ఒప్పుకుంటావా మరి" అన్నారట బాబాయ్. చాలాసేపు ఇద్దరూ దాని గురించే మాట్లాడుకున్నారని వదిన చెప్పింది, రెండు నెలల్లో ఆయన అంతసేపు ఫోన్లో ఉండటం అదే మొదటిసారట.

ఈ శనివారం గ్యారేజీ లేదు, అందరం అన్న ఇంటికి వెళ్తున్నాం. డాక్టరు ఇంకా డ్రైవింగ్‌కి ఒప్పుకోలేదు, మళ్ళీ చూసి చెప్తామన్నారు. అందుకని తోలడం ఏమీ లేదు, తమ్ముడు వాళ్ళ నాన్నగారి బండి తెస్తాడు, ఇంజన్ ఆపే ఉంటుంది, అన్న డ్రైవర్ సీట్లో ఎక్కి దిగి చూసుకుంటాడు, ఎడమ కాలు ఎక్కడ పెడితే సులువుగా ఉందో, సీటు ఎంత వెనక్కి కావాలో. బాబాయ్ టేపు తెస్తారు. శుక్రవారం రాత్రి మంచు పడుతుందంటున్నారు. తమ్ముడు నిన్న ఫోన్ చేసి, టైర్లు చూశానన్నా, గాడి లోతు ఇంకా 6 మిల్లీమీటర్లు ఉంది, గాలి కూడా పట్టించా అన్నాడు. పెట్టేసేముందు, అన్న వాళ్ళింటి ముందు డ్రైవర్ వైపు తలుపు పూర్తిగా తెరుచుకునేంత చోటుందా, లేకపోతే ముందే వచ్చి మంచు తీసి పెడతానన్నాడు.